మొహమాటానికి మాత్రం సంతకం పెట్టకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారికి 58 ఏళ్లు, ఉండేది గాజువాకలో, 15 ఏళ్లుగా షుగరు, ఇప్పుడు యూరిన్‌లో ప్రోటీన్ పోతోంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొద్దికొద్దిగా పెరుగుతోంది. చూస్తున్న డాక్టరు గారు కొత్త మందు మీద జరిగే స్టడీలో, అంటే క్లినికల్ ట్రయల్‌లో, చేరమన్నారు. 18 పేజీల కాగితాలిచ్చి, చదువుకుని సంతకం పెట్టి తెమ్మన్నారు. అమ్మగారేమో "మనిషి మీద ప్రయోగాలా, వద్దే వద్దు" అంటున్నారు. బాబాయిగారు "డబ్బులు కూడా ఇస్తారట, చేరిపోండి" అంటున్నారు. నాన్నగారు మాత్రం "ఇన్నేళ్లుగా చూస్తున్న డాక్టరు, కాదంటే ఏమనుకుంటారో" అన్నారని చివర్లో ఒక్క మాట రాశారు. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

విశాఖలోని ఆస్పత్రుల్లో 13 ఏళ్లు స్టడీ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. పేషెంట్లకి ఆ కాగితాలు చదివి వినిపించడం, విజిట్లకి ఫోన్ చేసి పిలవడం, రక్తం గొట్టాలకి లేబుళ్లు అంటించడం, తిరిగి తెచ్చిన మాత్రలు లెక్కపెట్టడం, రాత్రి పదకొండింటికి "అమ్మా, కళ్లు తిరుగుతున్నాయి" అని ఫోనొస్తే ఎత్తడం, ఇదీ నా పని. నేను డాక్టర్ని కాదు. మీ నాన్నగారి కిడ్నీలకి ఆ మందు సరిపడుతుందో లేదో చెప్పే అర్హత నాకు లేదు. కానీ చేరినవాళ్లని, చేరనివాళ్లని, మధ్యలో మానేసినవాళ్లని చాలా దగ్గర నుంచి చూశాను. అందులోంచే చెబుతాను.

స్టడీలో చేరడం మంచి పనేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే డాక్టరు గారి మొహం చూసి, కాదనలేక చేరితే అది నాన్నగారికీ మంచిది కాదు, ఆ స్టడీకీ మంచిది కాదు. మొహమాటం వల్ల రెండుసార్లు నష్టం జరుగుతుంది. ఒకటి సంతకం పెట్టేటప్పుడు. రెండోది చేరాక, ఒంట్లో బాగోలేకపోయినా చెప్పకుండా దాచుకునేటప్పుడు. ఈ రెండో నష్టం గురించి జనానికి అసలు తెలియదు. ముందు అమ్మగారి భయం సంగతి చూద్దాం.

ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. 2009లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోనే, ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే టీకా మీద ఒక ప్రాజెక్టు నడిచింది. చాలామంది ఆదివాసీ పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారు, గొడవైంది, 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అనుమతి పత్రాలు తీసి చూస్తే ఎన్నో చోట్ల అమ్మానాన్నల సంతకాలు లేవు. హాస్టల్ వార్డెన్లూ హెడ్మాస్టర్లూ పిల్లల తరఫున సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. అదే రోజుల్లో సుప్రీంకోర్టులో నడిచిన కేసు వల్ల దేశమంతటా ట్రయల్స్ మీద నిఘా పెరిగింది. 2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. ఇవాళ మీ నాన్నగారి చేతిలో ఉన్న ఆ 18 పేజీలు అంత పొడుగున్నాయంటే, ఇలాంటివన్నీ జరిగాకనే అలా తయారయ్యాయి.

అమ్మగారికి ఇంకో వైపు కూడా చెప్పండి. నాన్నగారి చీటీలో డాపాగ్లిఫ్లోజిన్ ఉందని రాశారు కదా. మొదట్లో అది షుగరు మాత్ర మాత్రమే. కిడ్నీలని కూడా కాపాడుతుందని గట్టిగా తెలిసింది 2020లో. 21 దేశాల్లో, మన దేశంతో కలిపి, 4,304 మంది కిడ్నీ జబ్బున్నవాళ్లు ఒక ట్రయల్‌లో చేరారు. సగం మందికి ఆ మాత్ర, సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్ర. రెండు వర్గాలూ మామూలు మందులు వాడుతూనే ఉన్నారు. రెండేళ్లు దాటేసరికి, కిడ్నీ బాగా దెబ్బతినడమో, ఆ కారణంగానో గుండె కారణంగానో ప్రాణం పోవడమో ఉత్తి మాత్ర వర్గంలో నూటికి 14, 15 మందికి జరిగితే, మందు వర్గంలో 9 మందికి జరిగింది. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి ట్రయల్‌ని ముందుగానే ఆపేశారు. అదే ఏడాది చివర పేటెంటు ముగిసి మన కంపెనీలు తయారుచెయ్యడం మొదలుపెట్టాక ధర దిగొచ్చి, ఇవాళ మీ వీధి మెడికల్ షాపులో దొరుకుతోంది. ఉత్తి మాత్ర వేసుకుని, పిలిచినప్పుడల్లా ఓపిగ్గా ఆస్పత్రికి వెళ్లొచ్చిన ఆ రెండు వేల చిల్లర మంది లేకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

అయితే అన్ని కథలూ ఇలా ముగియవు. అదే షుగరు, అదే కిడ్నీ జబ్బు, బార్డాక్సొలోన్ అని ఇంకో మందు. ముందు చిన్న స్టడీల్లో కిడ్నీ పనితీరు అంకెలు పెరిగి అందరూ ఎంతో ఆశపడ్డారు. రెండు వేలకి పైగా పేషెంట్లతో పెద్ద ట్రయల్ పెట్టారు. మందు వేసుకున్నవాళ్లలో గుండె బలహీనపడి ఆస్పత్రి పాలయ్యేవాళ్లు ఎక్కువవుతున్నారని 2012 అక్టోబరులో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ తేడా పట్టుకున్నది ట్రయల్ నడిపే డాక్టర్లు కాదు, లోపలి అంకెలు చూడగలిగే స్వతంత్ర నిపుణుల కమిటీ. పెద్ద ట్రయల్స్‌కి అలాంటి కమిటీ ఉంటుంది. నాన్నగారు చేరబోయేదానికి ఉందా అని అడగండి, ఇది చాలా అవసరమైన ప్రశ్న.

ఈ రెండు కథలూ పక్కపక్కన ఎందుకు పెట్టానంటే, చేరేవాళ్లలో నూటికి తొంభై మంది "కొత్త మందు అంటే మంచి మందు" అనుకుని చేరతారు. కొత్త మందు అంటే ఇంకా తేలని మందు. తేలిపోయి ఉంటే ట్రయల్ ఎందుకు? అనకాపల్లి నుంచి వచ్చే ఒక పెద్దాయన నేను అరగంట చెప్పినదంతా విని, ఒక్క ముక్కలో తేల్చేశారు. "ఏటమ్మా, అయితే నా మీద సూసి, పనిసేత్తే అప్పుడు అందరికీ ఇత్తారు. అంతేనా?" అంతేనండీ అన్నాను. "మరి అలా సెప్పాలి గదా" అన్నారు. 13 ఏళ్లలో నాకు అంతకంటే సూటైన నిర్వచనం దొరకలేదు. ఆ మాట తర్వాత ఎంతమంది పేషెంట్లకి చెప్పానో.

ఇక డబ్బుల సంగతి. బాబాయిగారు రెండు వేర్వేరు విషయాల్ని కలిపేస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకి డబ్బులిచ్చి, రెండు మూడు రోజులు సెంటర్లో ఉంచి, ఒక మాత్ర ఇచ్చి గంటగంటకీ రక్తం తీసే స్టడీలు వేరే. జెనరిక్ మాత్ర రక్తంలోకి అసలు మాత్రలాగే చేరుతోందా అని చూడ్డానికి అవి చేస్తారు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మామూలుగా మూడు నెలల విరామం ఉండాలి. డబ్బు అవసరం కొద్దీ ఒకచోట నుంచి రాగానే ఇంకోచోట చేరే కుర్రాళ్లున్నారు, అది ఒంటికి చాలా ప్రమాదం. మీ ఇంట్లోగానీ వీధిలోగానీ అలా వెళ్లే పిల్లలుంటే దయచేసి ఆపండి. నాన్నగారిది పేషెంట్ల స్టడీ. ఇందులో వచ్చేది దారి ఖర్చులు, పోయిన రోజు కూలికి బదులు కొంత, అదీ పేషెంట్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ముందే ఒప్పుకున్న మొత్తం. అంతకుమించి ఎవరైనా నోటిమాటగా ఆశపెడితే అక్కడే లేచి వచ్చేయండి.

స్టడీ మందు, స్టడీ కోసం చేసే పరీక్షలు ఉచితం. కానీ నాన్నగారు ఇప్పుడు వాడుతున్న బీపీ, షుగరు మందులు ఎవరి ఖర్చు? అది స్టడీని బట్టి మారుతుంది. కాగితంలో రాసి ఉంటుంది, వెతికి చదవండి. రెండేళ్ల స్టడీ అంటే అది చిన్న మొత్తం కాదు.

ఆ 18 పేజీలు ఎలా చదవాలో చెబుతాను. మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి, ఆరో పేజీకే నిద్రొస్తుంది. ముందు మీ దగ్గరున్నది తెలుగు ప్రతేనా చూసుకోండి. ఇంగ్లిష్‌ది ఇచ్చి ఉంటే తెలుగుది అడగండి, తప్పకుండా ఉండాలి. ఆ తెలుగు ఒక్కోసారి నిఘంటువులోంచి తీసినట్టుంటుంది, "యాదృచ్ఛికీకరణ" లాంటి మాటలు తగులుతాయి. దానర్థం చీటీ తీసినట్టు కంప్యూటరే ఎవరు ఏ వర్గమో నిర్ణయిస్తుందని. డాక్టరు గారికి నాన్నగారంటే ఎంత అభిమానమున్నా ఆయన్ని మందు వర్గంలో వెయ్యలేరు. చాలా స్టడీల్లో ఎవరికి ఏది వెళ్తోందో ఆయనకి కూడా తెలియదు.

తర్వాత "ప్లాసిబో" అన్న మాట ఎక్కడుందో చూడండి, ఉత్తి మాత్ర అంటే అదే. ఉత్తి మాత్ర అంటే అమ్మగారు హడలిపోవచ్చు. అడగాల్సింది ఒక్కటే: ఉత్తి మాత్ర వర్గంలో పడితే ఇప్పుడు వాడుతున్న మందులు కొనసాగుతాయా? మీరు రాసిన దాన్ని బట్టి కొనసాగుతాయనే అనిపిస్తోంది. ఉన్న మందుల మీద అదనంగా కొత్తదో ఉత్తిదో ఇస్తారు. అలాగైతే నాన్నగారు వైద్యం కోల్పోయేదేమీ లేదు. అలా కాకుండా, అందుబాటులో ఉన్న మంచి మందు ఆపేసి ఉత్తి మాత్ర ఇస్తామంటే ఒప్పుకోవద్దు. అందుబాటులో ఉన్న సరైన వైద్యం ఇవ్వకుండా ప్లాసిబో ఇవ్వడం వల్ల హాని జరిగితే నష్టపరిహారం ఇవ్వాలని 2019 నిబంధనల్లోనే ఉంది.

చివరి పేజీల్లో, సంతకాలకి దగ్గర్లో, చదువు, వృత్తి, సంవత్సర ఆదాయం, నామినీ పేరు అడుగుతారు. అక్కడికి వచ్చేసరికి చాలా కుటుంబాలు బెదిరిపోతాయి. ఒకావిడ పెన్ను కింద పెట్టేసి, "అంటే పోతాననే కదమ్మా రాయించుకుంటున్నారు" అని ఏడ్చేశారు. అది నష్టపరిహారం కోసం నిబంధన ప్రకారం ప్రతి ఒక్కరి దగ్గరా తీసుకునే వివరం. స్టడీ వల్ల ప్రాణం పోతే 8 లక్షలు ఆధారంగా తీసుకుని, వయసునీ అంతకుముందున్న జబ్బు తీవ్రతనీ బట్టి లెక్కకట్టే సూత్రం ఉంది. ఆ డబ్బు ఎవరికి చేరాలో ముందే రాయిస్తారు. అమ్మగారి పేరు రాయండి, కానీ ఎందుకు రాస్తున్నారో ఆవిడకి ముందే చెప్పండి. అక్కడికక్కడ చూసి గుండె జారిపోకూడదు.

ఇంకో చోట, చిన్న గడిలో, "మిగిలిన రక్తాన్ని భవిష్యత్ పరిశోధనల కోసం దాచుకోవచ్చు" అని ఉంటుంది. చాలా స్టడీల్లో అది విడి అనుమతి. అలా ఉంటే దానికి వద్దని టిక్కు పెట్టి కూడా స్టడీలో చేరవచ్చు. ఈ సంగతి నోటితో చెప్పేవాళ్లు తక్కువ.

మొదటి పేజీలోనో చివరి పేజీలోనో సీటీఆర్ఐ నంబరు ఉంటుంది. సీటీఆర్ఐ అన్న అక్షరాలు, ఏడాది, నెల, తర్వాత అంకెలు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నడిపే ట్రయల్స్ రిజిస్ట్రీ అది, 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్ అందులో నమోదు కావాల్సిందే. సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. మందు పేరు, ఎవరు డబ్బు పెడుతున్నారు, ఎంతమందిని తీసుకుంటారు, ఏయే ఆస్పత్రుల్లో జరుగుతోంది, అన్నీ కనిపిస్తాయి. మీ ఆస్పత్రి, మీ డాక్టరు గారి పేరు ఆ జాబితాలో ఉండాలి. నంబరే లేకపోతే మాట్లాడాల్సిన పని లేదు, కాగితాలు తిరిగిచ్చెయ్యండి.

ఎథిక్స్ కమిటీ వాళ్ల ఫోన్ నంబరు కూడా ఆ కాగితాల్లోనే ఉంటుంది. ఏదైనా గొడవైతేనే చెయ్యాలేమో అనుకుంటారు అందరూ. నేనైతే సంతకానికి ముందే ఒకసారి చెయ్యమంటాను. కమిటీలో కనీసం ఏడుగురుండాలి, సగం మందైనా ఆ సంస్థకి చెందనివాళ్లయి ఉండాలి, అధ్యక్షత వహించేది బయటి మనిషే కావాలి. ఒక న్యాయం తెలిసినవాళ్లు, వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి కూడా ఉంటారు. ఫోన్ ఎత్తి సమాధానం చెబితే ఆ కమిటీ బతికి ఉన్నట్టు. మూడు రోజులు చేసినా ఎవరూ ఎత్తకపోతే, రేపు నిజంగా అవసరమొచ్చినప్పుడు కూడా ఎత్తరు.

సంతకం గురించి నేను చేసిన తప్పొకటి చెప్పాలి. చేరిన కొత్తలో, వేరే ఊరి నుంచి కంపెనీ మానిటర్ తనిఖీకి వస్తున్న రోజున, ఓపీ బయట వరండాలో నిలబెట్టి ఒక పెద్దావిడతో సంతకం పెట్టించాను. ఆవిడ అన్నిటికీ తల ఊపింది. అర్థమైందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే కొడుకు వచ్చాడు. అరవలేదు. "మా అమ్మకి చెవులు సరిగా వినిపించవండీ, మీరు గమనించలేదా" అని అడిగాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆవిడ సంతకాన్ని వెనక్కి తీసుకున్నాం. ఆ రోజు నుంచి, ఎవరొచ్చినా తలుపు వేసిన గదిలో కూర్చోబెట్టి, చెప్పడం అయ్యాక "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఏం చెయ్యబోతున్నాం?" అని అడిగేదాన్ని. వాళ్లు వాళ్ల మాటల్లో చెప్పగలిగితేనే పెన్ను ఇచ్చేదాన్ని. మీ నాన్నగారిని అలా అడక్కపోతే ఇంట్లో మీరే అడగండి. చదవడం రానివాళ్లకైతే స్టడీతో సంబంధం లేని ఒక సాక్షి పక్కనే ఉండాలి. కొన్ని సందర్భాల్లో ఈ సంభాషణంతా వీడియో కూడా తీస్తారు, దానికి కంగారు పడకండి, అది పేషెంటు రక్షణకే.

సంతకమైన కాగితం ఒక ప్రతి మీకు ఇవ్వాలి. "ఫైల్లో ఉంటుంది లెండి" అంటే ఒప్పుకోకండి.

వద్దంటే డాక్టరు గారు ఏమనుకుంటారు? మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఆవిడనీ ఒక స్టడీకి అడిగారు. నేను అదే పనిలో ఉన్నాను, నాకు చేరితే బాగుండుననే ఉంది. ఆవిడ మొత్తం విని, "ఇన్నిసార్లు సూదులు పొడిపించుకోలేనమ్మా, నాకు మామూలు వైద్యం చాలు" అన్నారు. డాక్టరు గారు సరేనని ఫైలు మూసి, అదే కుర్చీలో కూర్చుని కీమో తేదీలు రాసిచ్చారు. తర్వాత ఏడాదిన్నర ఆయనే చూశారు, ఏ తేడా లేకుండా. మంచి డాక్టర్లు ఇలాగే ఉంటారు. చేరకపోయినా, మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆగకూడదని ఆ కాగితంలోనే రాసి ఉంటుంది. మానెయ్యడానికి కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. చిన్న జాగ్రత్త: కొన్ని మందులు ఒక్కసారిగా ఆపకూడదు. మానేస్తామని చెప్పాక ఆఖరి చెకప్‌కి రమ్మంటారు, అది మాత్రం వెళ్లండి.

ఇక రెండో మొహమాటం. ఇందాక చెప్పిన అనకాపల్లి పెద్దాయన గురించే. బెల్లం మార్కెట్లో తూకం దగ్గర పనిచేసేవారు. ఒక్క విజిట్ తప్పలేదు. ఖాళీ స్ట్రిప్పులన్నీ రబ్బరు బ్యాండు వేసి తెచ్చేవారు. లెక్క ఎప్పుడూ సరిగ్గా సరిపోయేది. మూడో విజిట్లో స్ట్రిప్పులు చేతిలో పట్టుకుంటే ఏదో తేడా అనిపించింది. రోజూ జేబులో పెట్టుకుని తీసే స్ట్రిప్పు నలుగుతుంది, అంచులు వంగుతాయి, వెనక రేకు మీద అక్షరాలు చెరిగిపోతాయి. ఆయన తెచ్చినవి నున్నగా, కొత్త నోట్లలా ఉన్నాయి. ప్రతి గడీ ఒకే వైపు నుంచి, ఒకే తీరున చిరిగి ఉంది, ఒక్కసారే కూర్చుని అన్నీ నొక్కి తీసినట్టు. గదిలో ఇంకెవరూ లేకుండా చూసి మెల్లగా అడిగాను. కాసేపు కిందికి చూస్తూ కూర్చుని అప్పుడు చెప్పారు. "కడుపులో తిప్పుతోందమ్మా. నువ్వంత పేమగా ఇత్తన్నావు. మింగనేదని సెప్తే నీకు మాటొత్తాదేమో అని పెరట్లో పారేశాను."

నాకు ఏడుపొచ్చింది. నా మీద జాలితో ఆయన రెండు నెలలు అబద్ధం మోశారు. ఆ మందు కడుపులో తిప్పుతుందన్న నిజం ఎక్కడా నమోదు కాలేదు. ఆయనలాంటి వాళ్లు నలుగురుంటే, రేపు ఆ మందు బయటికొచ్చాక వేలమందికి కడుపులో తిప్పుతుంది, కాగితం మీద మాత్రం ఏ ఇబ్బందీ లేదని ఉంటుంది. ఆయన చెప్పి ఉంటే ఏం జరిగేది? డాక్టరు గారు డోసు తగ్గించడమో, కొన్నాళ్లు ఆపడమో, పూర్తిగా మానిపించి చెకప్‌లకి మాత్రం రమ్మనడమో చేసేవారు. నాకు ఏ మాటా వచ్చేది కాదు. మాత్ర మానేసినవాళ్ల వివరాలు కూడా స్టడీకి కావాలి.

అందుకని నాన్నగారికి ఇది గట్టిగా చెప్పండి. మర్చిపోయిన మాత్ర మర్చిపోయానని చెప్పాలి. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కున్న బిళ్ల గురించి చెప్పాలి. నొప్పి బిళ్లలు అసలే కిడ్నీలకి శత్రువులు. ఎవరో చెప్పారని తాగిన కషాయం, పసరు మందు గురించి చెప్పాలి. బండి మీంచి పడి ఒక్క రాత్రి ఆస్పత్రిలో ఉన్నా చెప్పాలి, మందుకి సంబంధం లేదనిపించినా సరే. ఆస్పత్రిలో చేరడం అంటే స్టడీ లెక్కలో తీవ్రమైన సంఘటన. జరిగిన 24 గంటల్లోపు స్టడీ డాక్టరు దాన్ని ఢిల్లీలోని డ్రగ్స్ కంట్రోలర్ కార్యాలయానికీ, కంపెనీకీ, ఎథిక్స్ కమిటీకీ తెలపాలి. మందుకి సంబంధం ఉందో లేదో తేల్చేది వాళ్లు. స్టడీ వల్ల ఒంటికి హాని జరిగిందంటే వైద్యం ఖర్చు కంపెనీదే. కారణం తేలేవరకు కూడా ఉచితంగానే చూడాలి.

స్టడీ కార్డు ఒకటి ఇస్తారు. దాన్ని ఆధార్ కార్డు పక్కనే పెట్టించండి. అర్ధరాత్రి ఒంట్లో బాగోక గాజువాకలోనే దగ్గరున్న ఆస్పత్రికి తీసుకెళ్లారనుకోండి, అక్కడి డాక్టరుకి ముందు ఆ కార్డు చూపించాలి. అందులోని నంబరుకి ఫోన్ చేస్తే, ప్రాణం మీదికొచ్చిన పరిస్థితిలో ఆయన వేసుకుంటున్నది అసలు మందో ఉత్తి మాత్రో విప్పి చెప్పే ఏర్పాటు ఉంటుంది.

విజిట్ రోజుల గురించి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పని కష్టం అక్కడే ఉంది. పరగడుపున రక్తం ఇవ్వాలంటారు. గాజువాకలో ఆరున్నరకి బస్సెక్కి, ట్రాఫిక్ దాటుకుని, ల్యాబు దగ్గర వరస వచ్చేసరికి తొమ్మిదవుతుంది. షుగరు ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. ఇన్సులిన్ గానీ షుగరు మాత్ర గానీ ఆ పూట ఎప్పుడు వేసుకోవాలో ముందు రోజే కోఆర్డినేటర్ని అడగండి. సంచిలో ఇడ్లీ డబ్బా పెట్టి పంపండి, రక్తం తియ్యగానే అక్కడే తినాలి. చెమటలు పట్టి చేతులు వణికితే రక్తం సంగతి తర్వాత, ముందు పంచదార నోట్లో వేసుకోవాలి. దానికోసం ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు. బస్సు టికెట్లు, ఆటో ఖర్చు రాసి పెట్టుకోండి. మొదటి మూడు నెలలు విజిట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఎవరు వెంట వెళ్తారో ఇంట్లో ముందే అనుకోండి. ఈ ఒక్క లెక్క చూసుకోకనే చాలామంది మధ్యలో మానేస్తారు.

మన వైపు జనానికి పరిశోధన కొత్తేమీ కాదు. 2020లో కోవాగ్జిన్ మొదటి దశ ట్రయల్స్‌కి ఐసీఎంఆర్ ఎంపిక చేసిన 12 కేంద్రాల్లో మన విశాఖ కేజీహెచ్ ఒకటి. ఆ టీకా మూడో దశకి దేశమంతటా దాదాపు 25,800 మంది ముందుకొచ్చారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లనైతే అడగనే అక్కర్లేదు. కవిటి నుంచి వచ్చిన ఒకాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, "ఈ సేతిలోంచి ఎంతమంది రగతం అట్టుకెల్లారో నాకే గురుతు నేదు. ఏటి తేలిందో ఒక్కలూ సెప్పనేదు" అన్నారు. రక్తం, నీళ్లు, మట్టి పట్టుకెళ్లి కారణాలు వెతికే స్టడీ వేరు, మందిచ్చి చూసే ట్రయల్ వేరు, నిజమే. కానీ ఆయన అడిగినది రెండింటికీ వర్తిస్తుంది. అందుకే ఈ ప్రశ్న కూడా అడగండి: స్టడీ అయిపోయాక ఏం తేలిందో మాకు చెబుతారా? నాన్నగారు ఏ వర్గంలో ఉన్నారో చెబుతారా? ఇంకొకటి, ఆ మందు ఆయనకి బాగా పనిచేసి, వేరే దారి లేకపోతే, స్టడీ తర్వాత కూడా ఇస్తారా? డాక్టరు సిఫారసు చేసి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే కంపెనీ ఉచితంగా ఇవ్వడానికి 2019 నిబంధనల్లో వీలుంది. అయితే అప్పుడు కంపెనీకి బాధ్యత ఉండదని పేషెంటు రాసివ్వాలి. ఈ సంగతి ఆఖరి విజిట్లో కాదు, ఇప్పుడే మాట్లాడుకోవాలి.

మీరు అడిగిన "చేరాలా వద్దా"కి నా జవాబు ఇదీ. ఉన్న మందులు ఆపకుండా అదనంగా ఇచ్చేదైతే, సీటీఆర్ఐ నంబరు సరిగ్గా ఉంటే, ఎథిక్స్ కమిటీ ఫోన్ ఎత్తితే, విజిట్లకి వెంట వెళ్లే మనిషి ఇంట్లో ఉంటే, నాన్నగారికి తనంతట తనకి ఇష్టమైతే, చేరమంటాను. నెలనెలా క్రియాటినిన్, యూరిన్ అంత శ్రద్ధగా చూసేవాళ్లు బయట దొరకరు, అది కూడా ఒక లాభమే. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా, ముఖ్యంగా చివరిది లేకపోతే, వద్దు.

ఈ వారం సంతకం పెట్టకండి. "ఇంట్లో మాట్లాడుకుని వచ్చే శనివారం చెబుతాం" అనండి, ఆ మాటకి ఏ మంచి డాక్టరూ నొచ్చుకోరు. శనివారం వెళ్లేటప్పుడు అమ్మగారిని తప్పకుండా తీసుకెళ్లండి. లోపల ముందు ఆవిడనే మాట్లాడనివ్వండి, మీరు అడ్డు రాకండి. "మనిషి మీద ప్రయోగమా ఇది?" అని ఇంట్లో అడిగినట్టే అక్కడ కూడా అడగమనండి. ఆ ప్రశ్నకి వాళ్లు కుర్చీ దగ్గరికి జరుపుకుని జవాబు చెబుతున్నారో, గుమ్మం వైపు నడుస్తూ చెబుతున్నారో మీరు పక్కనుండి చూడండి. ఆ తర్వాత ఏమైందో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటాను.